మొరాయించిన కెమెరాతో మూడు ఊళ్ళు

ఉత్తర తెలంగాణలో కాస్త పాతబడిన ఏ ఇంట్లో అడుగుపెట్టినా, గోడకు కొంచెం ముందుకు వాలి వేలాడే ఫొటోలు నాలుగైదు కనిపిస్తాయి. వాటిలో ఒకటో రెండో నలుచదరంగా వుంటాయి. పొడవెంతో వెడల్పూ అంతే. కుర్చీలో బిగుసుకుని కూర్చున్న పెద్దమనిషి, పక్కన నిలబడి కుర్చీ వెన్ను పట్టుకున్న ఇల్లాలు, వెనక తెర మీద ఎన్నడూ చూడని ఏదో సరోవరం, హంసలు. ఆ చదరపు ఫొటోల్లో చాలా భాగం ఒకే జాతి కెమెరాతో తీసినవి. దానికి ముందు వైపు ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుంటాయి. పై కన్ను చూడడానికి, కింది కన్ను తీయడానికి. ఫొటోగ్రాఫరు దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న మూత తెరిచి అందులోకి చూస్తాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఆయన ఎదుటివారికి నమస్కారం చేస్తున్నట్టే వుంటుంది.

ఈ రెండు కళ్ళ కెమెరాకు పేరు తెచ్చినవారు జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంవారు. వారి రోలైఫ్లెక్స్ 1929లో వచ్చింది. అది ఖరీదైన వస్తువు. మన చిన్న ఊళ్ళ స్టూడియోలకు అందుబాటులోకి వచ్చినది తరవాత వచ్చిన జపాను కెమెరా యాషికా. యాషికా మాట్ 1957లో వచ్చింది. 1970లో వచ్చిన యాషికా మాట్ 124జి 1986 దాకా తయారైంది. దీనిలో వేసే ఫిలిం పేరు 120. కొడాక్ కంపెనీ 1901లో ప్రవేశపెట్టిన ఆ రోలు నేటికీ తయారవుతూనే వున్నది. రోలుకు పన్నెండే ఫొటోలు. ఫోనుతో నిమిషానికి అరవై బొమ్మలు తీసే పిల్లలకు ఈ సంగతి చెబితే, మన వంక జాలిగా చూస్తారు.

అటువంటి 124జి ఒకటి మా మిత్రుడి ఇంట్లో వున్నది. వాళ్ళ నాన్నగారికి ఒకప్పుడు జగిత్యాలలో స్టూడియో వుండేది. స్టూడియో పోయింది, నాన్నగారూ పోయారు, తోలు సంచీలో కెమెరా మిగిలింది. మొన్న మార్చిలో, ఎండలు ముదరకముందే, దానితో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చూసి రావాలని మేమిద్దరం బయలుదేరాం. ఊళ్ళు చూడడం నా కోరిక. ఆయనకు మాత్రం కోరుట్లలో ఒక పని వున్నది. ఆ పని సంగతి ఊరు చేరాక చెబుతాను.

జగిత్యాల కోట

కరీంనగరం నుంచి జగిత్యాల దారి చరిత్ర తెలిసినవారికి కన్నుల పండుగ. దారిలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట వున్నది. వేములవాడ చాళుక్యుల కాలంలో, అంటే పదో శతాబ్దిలో, జినవల్లభుడనే ఆయన చెక్కించిన శాసనంలో తెలుగు కందపద్యాలు ఆ రాతి మీద ఈనాటికీ వున్నాయి. ఈయన కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. ఆ తరవాత కొండగట్టు అంజన్న. బస్సులో సగం మంది అక్కడే దిగిపోయారు.

జగిత్యాల కోట మన తక్కిన కోటలవలె గుట్ట మీద లేదు. నేల మీదనే, నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో వుంటుంది. పద్ధెనిమిదో శతాబ్దంలో ఎలగందుల నేలిన జఫరుద్దౌలా ఇబ్రహీంఖాన్ ధంసా దీన్ని కట్టించాడు. ఫ్రెంచివారి పద్ధతి కోట. జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్ల పేర్లు కలిసి జగిత్యాల అయిందని ఊళ్ళో ముచ్చటగా చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా, వినడానికి బాగుంటుంది.

కోట గోడల కోణాలు ఒకదానితో ఒకటి కలిసే తీరు చదరపు ఫొటోకు సరిగ్గా సరిపోయింది. మా మిత్రుడు మూడు ఫొటోలు తీశాడు. కెమెరాలోని వెలుతురు కొలిచే మీటరు ఎన్నడో నిద్రపోయింది. దానికి వాడే పాదరసం బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. కాని ఆ మీటరు లేకపోయినా ఈ కెమెరాకు ఏమీ కాదు. షట్టరు పూర్తిగా స్ప్రింగులతో, పళ్ళ చక్రాలతో నడిచేది. మండుటెండలో ఎంత పెట్టాలో వాళ్ళ నాన్నగారు ఆయనకు చిన్నప్పుడే చెప్పారు: రంధ్రం 16 దగ్గర, వేగం ఫిలిం మీద రాసివున్న అంకెకు దగ్గరగా. టవర్ సర్కిల్ దగ్గర నాలుగోది తీశాడు. షట్టరు చప్పుడు ఎంత మెత్తన అంటే, పక్కన అరటిపళ్ళు అమ్ముకునే ఆమె, "తీసినవా, ఇంక తీస్తవా?" అని అడిగింది.

కోరుట్ల మేనత్త

జగిత్యాల నుంచి కోరుట్ల పడమటిగా పాతిక కిలోమీటర్లు. మార్చి నెల గనుక దారి పొడుగునా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కళ్ళాల్లో ఎండుతున్నాయి. బస్సు కిటికీ తీస్తే చాలు, పసుపు వాసన. ఐదో ఫొటో ఆ కళ్ళాలది.

కోరుట్ల బీడీల ఊరు, గల్ఫు ఊరు. ఏ వీధిలో చూచినా ఒడిలో చేట పెట్టుకుని తునికాకు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. ఇంటింటికీ దుబాయి, మస్కట్ వెళ్ళినవాడో, వెళ్ళివచ్చినవాడో ఒకడుంటాడు. మా మిత్రుడి మేనత్త ఇల్లు ఇక్కడే. ఆమె భర్త కూడా మస్కట్‌కు వెళ్ళి కొన్నేళ్ళు కష్టపడి వచ్చినవాడే. వెళ్ళే ముందు బావమరిది స్టూడియోకు పోయి ఒక ఫొటో తీయించుకున్నాడు. అదే ఇప్పుడు గోడ మీద దండ వేసుకుని వున్నది. నలుచదరపు ఫొటో. తీసినది ఈ యాషికానే.

మేనత్తకు ఎనభై దాటాయి. ఆమెకు తన ఫొటో అంటూ ఆధారు కార్డు మీద తప్ప మరొకటి లేదు. మనుమళ్ళు ఫోనులో తీసినవి వున్నాయిగాని, ఆమె వాటిని లెక్కలోకి తీసుకోదు. నెల కిందట మేనల్లుడికి కబురు చేసింది. మేము వెళ్ళగానే మంచినీళ్ళ చెంబు చేతికిచ్చి మొట్టమొదట అడిగినదీ అదే.

"మీ బాపు డబ్బా తెచ్చినవా అల్లుడా?"

"తెచ్చిన అత్తా."

"గా డబ్బాతోనే తియ్యాలె. మీ మామ పక్కన పెడుతరు గద రేపు, ఒక్క తీరుగ ఉండాలె. ఆయన పెద్దగ, నేను చిన్నగ ఉంటే మంచిగుండది."

ఎప్పుడు పెడతారో, ఎందుకు పెడతారో ఆమె అంత తేలికగా అనేసింది. మా మిత్రుడు కెమెరా మూతలోకి తల వంచేశాడు.

ముంగిట్లో నీడ పట్టున కుర్చీ వేసి రెండు తీశాడు. ఆరోది, ఏడోది. ఎనిమిదోది మనుమళ్ళతో కలిపి తీద్దామని పిడి తిప్పి సిద్ధం చేసి, కెమెరాను మంచం మీద పెట్టాడు. ఇంతలో చాయ్ వచ్చింది. చాయ్ తాగి, పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, బొత్తాము నొక్కాడు. లోపల ఎక్కడో జుర్రుమని చిన్న మోత వచ్చి ఆగిపోయింది. అంతే. మళ్ళీ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పిడి తిప్పబోతే ముందుకు రాదు. లోపల తీసిన ఫొటోలు ఏడు. అందులో రెండు మేనత్తవి.

"వెనక తలుపు తెరిచి చూస్తే?" అన్నాను.

"తెరిస్తే అత్త పోతది" అన్నాడాయన. ఫిలిం మీద వెలుతురు పడితే తీసినవి కూడా తెల్లారిపోతాయని ఆయన భావం.

కాకా పరీక్ష

బజారులో ఒకప్పుడు స్టూడియో నడిపి, ఇప్పుడు అదే గదిలో కొడుకు జిరాక్సు మిషను పెట్టుకుంటే పక్కన కూర్చునే పెద్దాయన ఒకాయన వున్నాడు. మా మిత్రుడి నాన్నగారికి స్నేహితుడు. గల్ఫుకు వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు కొన్ని వేలు తీశాడట. రోలుకు పన్నెండే గనుక పన్నెండు మంది పూర్తయ్యేదాకా రోలు కడిగేవాడు కాడట. పదకొండో మనిషి వచ్చి తొందరపెడితే, "పోయి ఇంకొకన్ని తోలుకరా" అనేవాడట.

కెమెరాను చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"వెనుక తలుపు తీసినవా?"

"లేదు కాకా."

"బతికిచ్చినవ్. ముందుగాల ఆ బొత్తం మీదికెల్లి వేలు తియ్యి. నొక్కినకొద్ది పాడైతది."

ఆ తరవాత అరగంట సేపు ఆయన చేసిన పరీక్ష, మంచి వైద్యుడు నాడి చూసినట్టే వున్నది. పై నుంచి లోపలికి, సులువైన దాని నుంచి కష్టమైన దానికి. మీ ఇంట్లో కూడా అటువంటి పాత కెమెరా వుండవచ్చు గనుక ఆయన వరస చెబుతున్నాను.

మొదట చూడవలసినది తాళం. ఈ కెమెరాలలో కొన్నింటికి బొత్తాము చుట్టూ చిన్న కంకణం వుంటుంది. సంచీలో పొరపాటున బొత్తాము నొక్కుకుపోకుండా పెట్టినది. అది తిరిగి వుంటే బొత్తాము దిగదు. మా కెమెరాలో తాళం తెరిచే వున్నది.

రెండోది పిడి. యాషికా మాట్‌లో దాన్ని ముందుకు ఆగేదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి ఆగేదాకా తిప్పాలి. ఆ రెండూ పూర్తయితేనే ఫిలిం ఒక ఫొటో మేర జరగడం, షట్టరు స్ప్రింగు బిగియడం జరుగుతాయి. చాలామంది వెనక్కి తిప్పేటప్పుడు సగంలో వదిలేస్తారు. అప్పుడు కెమెరా తీయదు. కాకా పిడిని వేలి కొసతో తాకి చూశాడు. సరిగ్గానే వున్నది. ముందుకు రావడం లేదంటే, అప్పటికే షట్టరు బిగిసి తీయడానికి సిద్ధంగా వున్నదన్న మాట. "ఇది మంచి గుర్తు" అన్నాడు.

మూడోది అంకె. పన్నెండు పూర్తయితే ఆ కెమెరా ఇక ఫొటో తీయదు. పిడి వదులుగా తిరుగుతూ మిగిలిన కాగితాన్ని చుట్టేస్తుంది. మాది ఎనిమిది చూపిస్తున్నది.

నాలుగోది వేగం. వేగం అంకె రెండింటి మధ్య నిలబడి వున్నదా? సెకనులో 500వ వంతు అనే ఆఖరి వేగాన్ని షట్టరు బిగించిన తరవాత పెట్టారా? ఆ ఒక్క వేగానికి చాలా షట్టర్లలో అదనంగా ఒక గట్టి స్ప్రింగు పనిచేస్తుంది. బిగించక ముందే దాన్ని పెట్టుకోవాలి. తరవాత బలవంతంగా తిప్పితే ఇరుక్కుంటుంది. మాది 60 దగ్గర వున్నది.

ఐదోది కింది కన్ను. ముందు నుంచి లెన్సులోకి తొంగి చూస్తే లోపల సన్నటి ఇనుప రేకులు పువ్వు రెక్కలవలె మూసుకుని కనిపిస్తాయి. ఇందువల్ల ఫిలింకు ఏ ప్రమాదమూ లేదు. ఒక్కొక్కప్పుడు చప్పుడు వస్తుంది గాని రేకులు తెరుచుకోవు. ఏళ్ళ తరబడి పెట్టెలో పడివున్న కెమెరాలో నూనె పాకి, రేకుల మీదికెక్కి, జిగురుగా మారుతుంది. అప్పుడు విప్పి కడిగించవలసిందే. అది ఇంట్లో చేసుకునే పని కాదు. కాకా భూతద్దం పెట్టి చూసి, "రేకులు పొడిగనే ఉన్నయ్" అన్నాడు.

అప్పుడు ఆయన లెన్సు అంచున వున్న చిన్న మీట మీద వేలు పెట్టాడు. అది వుండవలసిన చోటుకూ, పూర్తిగా లాగిన చోటుకూ నడుమ ఆగివున్నది.

"దీన్ని ఎవలు ముట్టిండ్రు?"

అది సెల్ఫ్ టైమరు. ఫొటోగ్రాఫరు బొత్తాము నొక్కి తానే పరుగెత్తి వెళ్ళి ఫొటోలో నిలబడడానికి ఏర్పాటు. జర్మను షట్టర్లలో దీనికి వి అనే అక్షరం గుర్తు. ముందుగా నడిచే యంత్రం అనే అర్థంగల జర్మను మాటకు అది మొదటి అక్షరం. ఆ మీట లాగివుంటే, బొత్తాము నొక్కగానే లోపల ఒక చిన్న గడియారం జుర్రుమంటూ నడిచి, చివర షట్టరును పేలుస్తుంది. పాత కెమెరాలలో మొట్టమొదట మొండికెత్తేది ఈ గడియారమే. ఎవరూ వాడరు గనుక దాని గ్రీజు గట్టిపడుతుంది. నడక మొదలెట్టి నడిమధ్యలో ఆగుతుంది. అది పూర్తయ్యేదాకా షట్టరు కదలదు.

మా మిత్రుడు ఇంటికి ఫోను చేశాడు. చాలాసేపు ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఐదేళ్ళ మునిమనుమడు, "నేను ఒక్కసారే గుంజిన" అన్నాడు.

కాకా ఆ మీటను వేలితో నెట్టలేదు. తన చేతులు వణుకుతున్నాయనీ, పళ్ళు విరిగితే కోఠి దాకా పోయినా ఆ ముక్క దొరకదనీ అన్నాడు. ఆయన ఇచ్చిన సలహా వేరు. "ఎండల పెట్టకు, ఫిలిం ఖరాబైతది. ఒళ్ళె పెట్టుకో. గ్రీజు జర మెత్తబడుతది. నడుమ నడుమ మీటను దాని చోటు దిక్కే, ఇంటి దిక్కు తోలినట్టు, మెల్లగ అను. కదిలితే కదిలింది, లేకపోతే లేదు. ఎప్పుడు పేలుతదో తెల్వది గనుక లెన్సు మూత తీసే ఉంచు. మంచి బొమ్మ ముందట పెట్టుకో."

అప్పటికీ కదలకపోతే? రాత్రి పూట కిటికీ లేని గదిలో దీపాలార్పి, మీద రెండు దుప్పట్లు కప్పుకుని, చీకట్లో రోలును తడిమి తీసి గట్టిగా చుట్టి, వెలుతురు సోకకుండా నల్ల కాగితంలో పొట్లం కట్టాలి. మిగిలిన ఐదు ఫొటోలు పోతాయి. తీసిన ఏడూ దక్కుతాయి. ఈ మాట వినగానే మా మిత్రుడి ముఖం తేటపడింది. కెమెరా బాగుపడినా పడకపోయినా మేనత్త ఫొటోకు దారి దొరికింది.

ఒంటికన్ను కెమెరాలు

ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. ఇదే 120 ఫిలిం వేసే ఒంటికన్ను కెమెరాలు కూడా వున్నాయి. హాసెల్‌బ్లాడ్ ఆ జాతిదే. పెద్ద స్టూడియోలలో మామియా వుండేది. వీటిలో ఫిలిం వుండే వెనక పెట్టె విడిగా వూడి వస్తుంది. దానికి వెలుతురు తగలకుండా అడ్డంగా ఒక సన్నటి రేకు దూరుస్తారు. ఆ రేకు తీయడం మరిచిపోతే హాసెల్‌బ్లాడ్ ఫొటో తీయదు. పాడైందని రిపేరుకు పంపే ముందు ఆ రేకు సంగతి చూసుకోవాలి. బ్రోనికా, మామియా 645, పెంటాక్స్ 67 వంటివి బ్యాటరీ మీద నడిచే షట్టర్లు. చిన్న ఆరు వోల్టుల బ్యాటరీ నీరసిస్తే పెంటాక్స్‌లో అద్దం పైకి లేచి అక్కడే నిలబడిపోతుంది. చూసేవాళ్ళకు గుండె ఆగినంత పనవుతుంది. కొత్త బ్యాటరీ వేస్తే చాలావరకు సరిపోతుంది.

ఈ ఆటంకాల్లో చాలా వాటిని తయారుచేసినవాళ్ళు కావాలనే పెట్టారు. వెనకటి డబ్బా కెమెరాలకు ఈ కట్టుబాట్లు లేవు. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు తీసేవి. ఫిలిం జరిపామో లేదో తీసేవాడే గుర్తుంచుకోవాలి. మరిచిపోతే పెళ్ళికూతురి తల మీద గుడి గోపురం మొలిచేది. ఆ బాధ పడలేకే, ఫిలిం జరగందే షట్టరు కదలరాదనీ, రేకు తీయందే బొత్తాము దిగరాదనీ నియమాలు పెట్టారు.

సిరిసిల్ల సాంచె

కోరుట్ల నుంచి కథలాపురం, రుద్రంగి మీదుగా వేములవాడ. అరికేసరి ఆస్థానంలో పంపడు కావ్యం చెప్పిన ఊరు అది. రాజన్నకు దూరం నుంచే దండం పెట్టి ముందుకు సాగాం. అక్కడికి సిరిసిల్ల పది పన్నెండు కిలోమీటర్లే. ఈ రెండూ కలిపి రాజన్న సిరిసిల్ల జిల్లా. జగిత్యాల జిల్లా, ఇదీ ఒకే రోజున, 2016 అక్టోబరు 11న, పాత కరీంనగరం జిల్లాలో నుంచి ఏర్పడ్డాయి. దారి పొడుగునా కెమెరా మా మిత్రుడి ఒళ్ళో పసిబిడ్డవలె వున్నది. అరగంటకోసారి మీటను తాకి చూస్తున్నాడు. అది కదలలేదు.

సిరిసిల్ల మానేరు ఒడ్డున వున్న నేతకారుల పట్టణం. అగ్గిపెట్టెలో పట్టే చీరె నేసి పేరు తెచ్చుకున్న నల్ల పరంధాములు ఈ ఊరివాడే. బతుకుదెరువుకు ఇక్కడి పద్మశాలీలు భీవండి, షోలాపురం వెళ్ళారు. తిరిగివచ్చినవాళ్ళు అక్కడ నేర్చిన మరమగ్గం పని ఇక్కడ చేశారు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. ఈ ఊరు చాలా దుఃఖం చూసింది. పనిలేక, అప్పులు తీరక ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు ఒక కాలంలో పత్రికల్లో తరచుగా వచ్చేవి. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరెల పని ఇచ్చినప్పుడు సాంచెలు రాత్రింబగళ్ళు నడిచాయి. ఆర్డరు వుంటే ఊరంతా మోత, లేకపోతే నిశ్శబ్దం. ఇక్కడివాళ్ళు మోత వినబడకపోతే నిద్రపట్టదంటారు.

బి.వై.నగర్‌లో ఒక షెడ్డులోకి వెళ్ళాం. వరసగా సాంచెలు. మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. గాలిలో సన్నటి నూగు ఎగురుతున్నది. కెమెరాకు నూగు మంచిది కాదని మా మిత్రుడు రుమాలు కప్పాడు. అక్కడ పనిచేసే తాతకు డెబ్బై దాటివుంటాయి. రుమాలు కింద ఏమున్నదని అడిగాడు. కథంతా విన్నాడు. వింటూ వుండగానే వరసలో మూడో సాంచె దభేలుమని చప్పుడు చేసి ఆగిపోయింది. నాకు గుండె జారింది. తాతకు ఏమీ కాలేదు. నింపాదిగా వెళ్ళి, నాడెను చేత్తో తీసి, పెట్టెలోకి సరిగ్గా పెట్టి, పడుగు పోగుల మీద అరచేయి ఒకసారి నిమిరి, మళ్ళీ నడిపి వచ్చాడు.

"ఏమైంది తాతా?" అన్నాను.

"నాడె అవతలి పెట్టెలకు చేరలే సారూ. చేరకపోతే ఆగుతది."

"చెడిపోయిందేమో అనుకున్నాను."

"ఆగిందంటే చెడ్డదని కాదు. ఆగకుంటే ఏమైతది? నాడె పడుగు నడుమల చిక్కుతది. వంద పోగులు తెగుతయ్. వంద పోగులు అతుకవెట్టాల్నంటె నా పొద్దంత దాని కిందనే పాయె. అది ఆగి నన్ను పిలిచింది, అంతే. కొత్త పోరగాండ్లు ఆగంగనె కోపానికొచ్చి హేండిలు గుంజుతరు. గప్పుడు చెడుతది."

కోరుట్లలో కాకా చెప్పినదీ, సిరిసిల్లలో తాత చెప్పినదీ ఒకే మాట. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు.

తాత కెమెరా అడిగాడు. మా మిత్రుడు కాసేపు తటపటాయించి చేతికిచ్చాడు. జీవితమంతా తెగిన పోగులు ముడివేసిన వేళ్ళవి. సాంచె పక్కన బల్ల మీద కెమెరాను పెట్టి, మీటను నెట్టలేదు, తాకి పట్టుకుని నిలబడ్డాడంతే. ఒక నిమిషం అయివుంటుంది. ఆ మోతలో మాకేమీ వినబడలేదు గాని, "నడుస్తున్నది" అన్నాడు, వేలి కింద తెలిసిందట. ఏది నడుస్తున్నదో చూద్దామని లెన్సు ముందుకు వంగాడు. అప్పుడే షట్టరు పేలింది.

పన్నెండు ఫొటోలు

మా మిత్రుడు పిడి ముందుకు తిప్పాడు. తిరిగింది. వెనక్కి తిప్పాడు. ఆగవలసిన చోట ఆగింది. అంకె తొమ్మిది. మిగిలిన నాలుగూ సిరిసిల్లలోనే తీశాడు: సాంచె మీద తాత, బీముకు చుట్టిన పడుగు, మానేరు ఇసుక, సాయంకాలం షెడ్డు గుమ్మంలో కూర్చున్న నేతగాళ్ళు. సెల్ఫ్ టైమరు జోలికి మాత్రం ఇక పోలేదు. పాత కెమెరాలో దాన్ని వాడకపోవడమే మేలని తెలిసినవాళ్ళంతా చెబుతారు. హైదరాబాదు వచ్చిన తరవాత కెమెరాను విప్పించి పాత గ్రీజు కడిగించాడు.

రోలు కడిగిస్తే పన్నెండూ వచ్చాయి. ఎనిమిదో దాంట్లో మనుమళ్ళకు బదులు తాత చెవి, సగం గడ్డం, వెనక మసకగా సాంచె వున్నాయి. తనంతట తాను తీసుకున్న ఫొటో గనుక దాన్ని కూడా అచ్చువేయించాడు. ఏడోదాంట్లో మేనత్త కళ్ళు మూసుకున్నది. ఆరోది బాగున్నది. నీడ పట్టున కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తున్నది. దాన్ని భర్త ఫొటో కొలతకే పెద్దది చేయించి, అటువంటి చెక్క చట్రమే కట్టించి కోరుట్ల తీసుకుపోయాడు. ఆమె రెంటినీ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూసిందట. "ఆయన గీ ముసల్దాన్ని గుర్తువడుతడా?" అన్నదట. అని, ఫొటోను గోడకు కాకుండా బీరువాలో బట్టల నడుమ భద్రంగా పెట్టించింది. ఇంకా వేళ కాలేదన్నది.

ఆ రోజు సిరిసిల్లలో మేము బయలుదేరుతుంటే తాత కండె నుంచి జానెడు దారం తెంపి, ఆ చిన్న మీటను దాని చోటనే కదలకుండా లెన్సు అంచుకు కట్టాడు. "పోరగాండ్లు గుంజుతరు" అన్నాడు. కడిగించిన దుకాణంవాళ్ళు దాన్ని విప్పేశారు. మా మిత్రుడు ఇంటికి వచ్చి మళ్ళీ కట్టబోయాడు గాని, తాత వేసిన ముడి ఆయనకు రాలేదు. అందుకని దారాన్ని తోలు సంచీ లోపలి జేబులో దాచుకున్నాడు. ఈసారి వెళ్ళినప్పుడు తాతచేతనే కట్టిస్తానంటున్నాడు.